చెఱువును మ్రింగు గుఱ్ఱపుడెక్క

మన సంఘసభ్యులలో పెక్కుమందికి చెఱువే జీవనాధారము. వానకాలమున నిండిన చెఱువును జూచి రైతు ఆ యేటి పంటను మనసులో లెక్కకట్టుకొనును. కాని కొన్ని యేండ్లనుండి పెక్కు గ్రామములలో చెఱువు నిండినను నీరు కనబడుట లేదు. కట్టమీద నిలిచి చూచినచో ఈ గట్టునుండి ఆ గట్టువఱకు ఒకటే పచ్చని ఆకు. నడుమ నడుమ లేత ఊదారంగు పూలగుత్తులు. బాటసారులు దానిని జూచి ముచ్చటపడుదురు. ఆయకట్టు చివర పొలమున్న రైతు మాత్రము నిట్టూర్చును. ఆ మొక్కయే గుఱ్ఱపుడెక్క.

దీనిని తీసివేయుటకు ఏటేట కొంత ధనము, కొంత శ్రమ వ్యయమగుచునే యున్నవి. తీసిన మూడు నాలుగు నెలలకు చెఱువు మరల యథాప్రకారము కప్పుకొనిపోవుచున్నది. ఇట్లేల జరుగుచున్నదో, చేసిన శ్రమ నిలుచుటకు ఏమి చేయవలయునో సభ్యులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ముందుగా ఒక్క మాటలో చెప్పవలెనన్న, ఈ కలుపునకు ఆహారము చెఱువులో పుట్టినది కాదు. ఎగువ భూములనుండి దిగివచ్చుచున్నది. ఆ సంగతి మఱచి చెఱువును మాత్రమే శుభ్రపఱచినంతకాలము ఈ పని ముగియదు.

మొక్క స్వభావము

ఇది మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతము దీని పుట్టినిల్లు. పందొమ్మిదవ శతాబ్దము చివర దీని పూవుల అందమునుజూచి తోటలలో పెంచుకొనుటకై వంగదేశమునకు తెచ్చిరి. అచ్చటనుండి ఏఱుల వెంట, కాలువల వెంట దేశమంతయు వ్యాపించినది. కొలది కాలములోనే అది పడవల దారులను, వరిపొలములను ముంచివేయగా, అస్సాములో 1926లోను, వంగరాష్ట్రములో 1936లోను దీని నిర్మూలనకై ప్రత్యేకముగా చట్టములు చేయవలసి వచ్చినది. ఒక్క మొక్కకొఱకు శాసనసభలు చట్టములు చేసినవనగా దాని బలమెంతటిదో ఊహింపవచ్చును.

గుఱ్ఱపుడెక్క నేలలో పాతుకొనదు. ఆకుకాడ అడుగున ఉబ్బి, లోపల గాలితో నిండియుండును. అందుచేత మొక్క నీటిపై తేలును. వేళ్లు నల్లని ఈకలవలె నీటిలో వ్రేలాడుచు, నీటిలో కరగియున్న సారమును పీల్చుకొనును. తల్లిమొక్కనుండి ప్రక్కలకు తీగలు సాగి, ఒక్కొక్క తీగ కొనయందు పిల్లమొక్క బయలుదేరును. పూచిన పిదప గింజలు నీటి అడుగునకు దిగి బురదలో పడియుండును. ఆ గింజలు పదునైదు, ఇరువది యేండ్లవఱకును జీవము గోల్పోక యుండగలవు. కావున చెఱువు ఒకసారి ఎండినంతమాత్రమున దీని పీడ వదలినదని తలంచుట పొరబాటు. ఎండిన బురద తొలకరిచే తడిసినపుడే ఆ గింజలు మొలకెత్తును.

వీసపు లెక్క

అనుకూలమైన వేడిమి, ఆహారము దొరకినచో ఈ మొక్కల గుంపు రమారమి రెండు వారములలో రెట్టింపగును. ఒక్కొక్కప్పుడు అంతకంటెను త్వరగా పెరుగును. దీని అర్థమేమో మన పెద్దల లెక్కలోనే చూతము. చెఱువులో వీసపు పాలు, అనగా పదునాఱవ వంతు, కప్పుకొన్నదనుకొందము. ఆ స్థితిలో ఎవరును దానిని లక్ష్యపెట్టరు. రెండు వారములకు అది పరక, అనగా ఎనిమిదవ వంతు అగును. మఱి రెండు వారములకు పాతిక. అప్పుడు నలుగురును చెప్పుకొందురు. ఇంకను రెండు వారములకు అర. అప్పుడు సభ చేసి తీర్మానము వ్రాయుదురు. తీర్మానముపై చేవ్రాళ్లు పూర్తియగునప్పటికి చెఱువంతయు నిండును. వీసమునుండి పూర్తికి పట్టినది ఎనిమిది వారములు మాత్రమే.

బరువు కూడ ఎంచి చూడుడు. దట్టముగా పెరిగినచోట చదరపు మీటరునకు 25 కిలోగ్రాముల పచ్చిమొక్క తఱచుగా ఉండును. ఎకరమునకు 4,047 చదరపు మీటర్ల లెక్కన ఇది నూఱు టన్నులగును. వీసపు పాలు ఉన్నపుడు పదిమంది పదిదినములు చేయగల పని, చెఱువు నిండిన పిదప నూటయరువదిమందికి అన్ని దినములు పట్టును. ముందుగా చేసిన పని చవుక. ఆలస్యముగా చేసిన పని ఋణము.

కలుగు నష్టములు

మొదటి నష్టము నీటిపాఱుదలకు. తూము ముందర, కాలువ మలుపులలో మొక్కలు పేరుకొని నీటిని అడ్డును. తూము దగ్గఱి పొలములు ఎట్లో తడియును. చివరి పొలములు ఎండును. వరద వచ్చినపుడు అలుగునకు అడ్డుపడి, కట్టపై ఒత్తిడి పెంచును.

రెండవది నీటి నష్టము. ఆకులు గొడుగువలె కప్పియుండుటచేత ఎండ తగులక నీరు నిలుచునని కొందఱు చెప్పుచుందురు. ఇది సరికాదు. మొక్క తన వేళ్లతో నీటిని పీల్చి ఆకులద్వారా ఆవిరిగా విడుచుచుండును. ఇట్లు పోవు నీరు, వట్టి నీటిమీదనుండి ఆవిరియగు నీటికంటె ఎక్కువయని పరీక్షలలో తేలినది.

మూడవది చేపలకు. వెలుతురు లోపలికి పోదు. గాలి నీటిలో కలియదు. క్రుళ్లిన ఆకులు నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలు ఉక్కిరిబిక్కిరియై చచ్చును. మత్స్యకారుల వలలు చిక్కుపడును. నాలుగవది ఆరోగ్యమునకు. నిశ్చలమైన ఆ నీటిలో దోమలు పెరుగును. కొన్ని జాతుల దోమల పిల్లపురుగులు నీటిమొక్కల వేళ్లకు అంటుకొని, వానినుండియే గాలి పీల్చుచు బ్రతుకును. ఐదవది, ఏటేట చచ్చిన మొక్కలు అడుగున పేరుకొని చెఱువు లోతును తగ్గించును.

కలుపునకు ఆహార మెక్కడిది?

శుద్ధమైన వాననీటిలో గుఱ్ఱపుడెక్క బ్రతికినను బలియదు. దానికి నత్రజనియు, భాస్వరమును సమృద్ధిగా కావలయును. ఇవి చెఱువునకు నాలుగు మార్గముల చేరుచున్నవి: పొలములలో చల్లిన ఎరువులు వానకు కొట్టుకొనివచ్చుట, కోసుకొనిపోయిన మెట్టనేలల మేలిమట్టి, ఏటి ఒడ్డున పోసిన పెంటకుప్పల ఊట, ఊరి మురుగు. అనగా, ఎగువ రైతు డబ్బు పెట్టి కొన్న ఎరువు అతని పైరునకు చేరక, దిగువ రైతు చెఱువులో కలుపును పెంచుచున్నది. ఇరువురకును నష్టమే.

ఏ నేలపై పడిన వాన మన చెఱువునకు పాఱివచ్చునో ఆ నేలనంతటిని పరీవాహక ప్రాంతమందురు. ఎకరమునందు 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ నీరు లక్ష లీటర్లకు పైబడును. అందులో ఇంకినది పోగా మిగిలినది నేలపైబడి పాఱుచు, దారిలో తగిలిన దాని నెల్ల వెంటబెట్టుకొని వచ్చును. కావున చెఱువు హద్దు కట్టతోను, శిఖపు భూమితోను ముగియదు. మిట్టమీద నీరు రెండుగా చీలు చోటివఱకు అదంతయు చెఱువే.

మన పూర్వులు ఈ సంగతిని చక్కగా ఎఱిగియుండిరి. కడపమండలములోని పోరుమామిళ్ళ చెఱువు కట్టపై 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు చెఱువును కట్టించి దానిని వేయించెను. మంచి చెఱువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను ఆ శాసనము పేర్కొనుచున్నది. దృఢమైన నేల, రాతికట్ట, నేర్పరులగు పనివారు మొదలగు వానితోబాటు, మూడు యోజనముల దూరమునుండి పాఱివచ్చు తియ్యని నీటి యేఱును కూడ చెఱువు అంగములలో చేర్చిరి. నీరు వచ్చు దారి చెఱువులో భాగమని ఆఱువందల యేండ్ల క్రిందటనే రాతిపై చెక్కించిన దేశము మనది.

కొల్లేటినుండి నేర్వవలసినది

పెద్ద ఉదాహరణము కొల్లేరు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏఱులును, అనేకములగు మురుగుకాలువలును నీరు తెచ్చును. సముద్రమునకు నీరు పోవు దారి ఉప్పుటేఱు. కొల్లేటిని 1999లో పక్షుల రక్షణకై అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల జాబితాలో చేర్చిరి. 2006లో సరస్సులోని చేపలచెఱువుల గట్లను ప్రభుత్వము పెద్దయెత్తున తొలగింపించెను.

ఇన్ని జరిగినను గుఱ్ఱపుడెక్క కొల్లేటిని విడువలేదు. ఏలయన, పట్టణముల మురుగును, డెల్టా పొలముల ఎరువు కలిసిన నీరును, చేపలచెఱువులనుండి వదలు నీరును దానికి ఎడతెగక ఆహారము చేర్చుచునే యున్నవి. నీరు పోవు దారులలో మొక్కలు పేరుకొన్నచో వరదనీరు త్వరగా తీయక, చుట్టునున్న వరిచేలలో దినముల తరబడి నిలిచిపోవును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినపుడు దానికి మూలము కుండపోత వర్షమే. కలుపే కారణమనుట న్యాయము కాదు. కాని ఏటి దారి ఇఱుకైనచో వరద ఎవరినైనను విడువదని ఆ దినములు అందఱకును తెలిపినవి. సరస్సు ఎంత పెద్దదైనను, దాని మేలు కీడులు దానికి నీరు పంపువారి చేతిలోనున్నవి. మన ఊరి చెఱువునకును ఇదియే న్యాయము.

తీయు విధానము

చైత్ర వైశాఖములలో నీరు తగ్గి మొక్కలన్నియు చెఱువు లోతట్టు గుంటలో చేరును. తీయుటకు అదియే మంచి అదను. పూవులు గింజపట్టకముందే తీయవలయును. ఈ క్రింది సంగతులు గమనింపదగినవి.

1. గాలి మొక్కలను ఏ గట్టునకు త్రోయునో ఆ గట్టున నిలిచి పని సాగింపవలెను. వెదుళ్లను తాటితో వరుసగా కట్టి నీటిపై తేలునట్లు అడ్డుగా వేసినచో, తీసినచోటికి మొక్కలు మరల రావు.

2. ఎగువ చెఱువునుండి కాలువ చేరుచోట అట్టి వెదురు అడ్డునే నిలుపవలెను. కొట్టుకొనివచ్చు మొక్కలు అచ్చట ఆగును. వారమునకొకసారి తీసివేయుట సులభము.

3. మొక్కను ముక్కలుచేసి నీటిలో విడువరాదు. మొదలు మిగిలిన ముక్క మరల చిగిర్చును.

4. తీసిన దానిని కట్ట లోపలి వాలుపై పోయరాదు. మొదటి వానకు అది మరల చెఱువులోనికే జాఱును.

5. లోతైన బురదలో ఒంటరిగా దిగరాదు. పాములుండును, కాళ్లు కూరుకొనును. నడుమునకు త్రాడు కట్టుకొని, గట్టున ఒకరు దానిని పట్టుకొనియుండవలెను.

6. తొలకరి తరువాత మూడు నెలలపాటు వారమున కొక దినము చెఱువు అంచులవెంట తిరిగి, మొలచిన పిల్లమొక్కలను ఏరివేయవలెను. ఈ కావలి లేనిచో వేసవిలో చేసిన పని అంతయు వ్యర్థము.

కొన్ని గ్రామములలో మొక్కలను అలుగు మీదుగా దిగువకు త్రోసివేయు అలవాటు కలదు. మన చెఱువు ఆ దినమున శుభ్రముగా కనబడును. పొరుగువారి చెఱువు చెడును. ఇది పొరుగుచేను తగులబెట్టుటవంటి పని. సహకారసంఘ సభ్యులు దీనిని ఎంతమాత్రము చేయరాదు.

తీసిన దానిని ఎరువు చేయుట

పచ్చిమొక్కలో నూటికి తొంబదియైదు పాళ్లు నీరే. మూడు నాలుగు దినములు గట్టుమీద వాడనిచ్చినచో బరువు చాల తగ్గును. పిదప ఆఱడుగుల వెడల్పున, ఒక అడుగు మందమున మొక్కలను పఱచి, దానిపై పేడనీరు చల్లి, పలుచగా మన్ను వేసి, ఇట్లు పొరలు పొరలుగా నాలుగడుగుల ఎత్తువఱకు పేర్చవలెను. మూడు వారములకొకసారి తిరుగవేసినచో మూడు నాలుగు నెలలలో మంచి ఎరువగును. ఇందులో పొటాషు సమృద్ధిగా నుండును. అరటితోటలకును, కూరగాయలకును చాల మంచిది. వాడిన మొక్కలను అరటి మొదళ్ల చుట్టు కప్పినను తేమ నిలుచును.

రెండు జాగ్రత్తలు. గింజపట్టిన మొక్కలను కుప్పలో వేయక వేఱుగా ఎండబెట్టి కాల్చవలెను. కర్మాగారముల మురుగు చేరు చెఱువులలోని మొక్కలు సీసము మొదలగు విషలోహములను పీల్చుకొనియుండును. అట్టి వానిని ఎరువునకు గాని, పశువుల మేతకు గాని వాడరాదు.

మందులు, పురుగులు

గుఱ్ఱపుడెక్కను చంపు కలుపుమందులు లేకపోలేదు. కాని చచ్చిన మొక్కలన్నియు ఒక్కసారిగా నీటిలోనే క్రుళ్లి చేపలను చంపును. వానిలోని సారము తిరిగి నీటిలోనే కలిసి తరువాతి మొలకలకు ఆహారమగును. కొన్ని మందులు గాలికి కొట్టుకొనిపోయి ప్రక్కనున్న ప్రత్తిని, కూరగాయలను మాడ్చును. పశువులు, మనుష్యులు త్రాగు చెఱువులో వీనిని వాడవలదని మా విన్నపము.

పురుగుల మార్గము వేఱు. ఈ మొక్కను తప్ప మఱియొకదానిని తిని బ్రతుకజాలని చిన్న ముక్కుపురుగులను దాని పుట్టినిల్లగు దక్షిణ అమెరికాలో కనుగొనిరి. 1980 దశకమున బెంగుళూరులోని శాస్త్రజ్ఞులు వానిని మన దేశమునకు తెప్పించి, ఇతర పైరులకు హాని చేయవని పరీక్షించి చెఱువులలో విడిచిరి. పెద్దపురుగు ఆకుపై గీరి తినును. పిల్లపురుగు కాడలోనికి తొలుచుకొనిపోవును. బెంగుళూరు చెఱువులలోను, మణిపురమునందలి లోక్‌తాక్ సరస్సునందును ఇవి మంచి ఫలము నిచ్చినవి. ఆ కాలముననే కేరళములో ఆఫ్రికన్ పాయల్ అను మఱియొక తేలు కలుపుపై వేఱొక ముక్కుపురుగును విడువగా, కొలది యేండ్లలో అది చాలవఱకు అణగినది.

అయితే పురుగుల పని మెల్లనిది. రెండు మూడేండ్లయినను పట్టును. పురుగులు స్థిరపడిన చెఱువులో మొక్కల నన్నిటిని తీసివేసినచో పురుగులకు నిలువ నీడ యుండదు. ఒక మూలను కొంతభాగము విడువవలెను. ఎడతెగక మురుగు చేరు చెఱువులో మొక్క పురుగుకంటె త్వరగా పెరిగి గెలుచును. ఇచ్చటను మరల ఎగువ సంగతియే వచ్చినది గమనింపుడు.

ఎగువన చేయవలసిన పనులు

మెట్టచేలలో వాలునకు అడ్డముగా దున్నవలెను. వాలునకు అడ్డముగా గట్లు వేసి, వానిపై వట్టివేరు గాని, గడ్డి గాని పెంచవలెను. వాగు ఒడ్డున ఇరుప్రక్కల కొంతమేర దున్నక గడ్డికి విడువవలెను. ఆ గడ్డి మట్టిని జల్లెడవలె పట్టును. యూరియాను ఒక్కసారి కాక రెండు మూడు తడవలుగా వేయవలెను. మబ్బు పట్టిన దినమున చల్లరాదు. పెంటకుప్పలను వాగునకు దూరముగా, గట్టు కట్టిన గోతులలో నుంచవలెను. ఊరి మురుగును తిన్నగా చెఱువులోనికి విడువక, ముందొక కుంటలో నిలిపి తేర్చవలెను. ఇంటింటను ఇంకుడుగుంతలు త్రవ్వుకొన్నచో మురుగే తగ్గును.

పని మిట్టనుండి మొదలై పల్లమునకు దిగవలెను. ఆచార్య హనుమంతరావుగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1994లో సమర్పించిన నివేదిక ననుసరించి, దేశమునందలి నీటిపరీవాహక పథకములు గ్రామస్థుల చేతిమీదుగా నడుపుటకు 1995లో నియమములు వచ్చినవి. ప్రభుత్వపు ధనము రావచ్చును, రాకపోవచ్చును. గట్టుమీద గడ్డి నాటుటకును, యూరియాను వేళయెఱిగి చల్లుటకును ఎవరి ధనమును అవసరము లేదు.

బాలబాలికల శిక్షణము

ఈ విషయమును పెద్దలకంటె పిల్లలు త్వరగా గ్రహింతురు. పాఠశాల ఉపాధ్యాయులు ఏటేట మూడు పాఠములు చేయింపవచ్చును.

మొదటిది: తొలి వాన వెలిసిన మఱునాడు పిల్లలను చెఱువునుండి వాగువెంట పైకి, నీరు చీలు మిట్టవఱకు నడిపింపవలెను. దారిలో ఎచ్చట ఏది నీటిలో కలియుచున్నదో వారే పటము గీయుదురు. రెండవది: రెండు పళ్లెములలో మన్ను పోసి, ఒకదానిపై గడ్డి పఱచి, రెండింటిని వాల్చి, చెంబుతో నీరు పోయవలెను. గడ్డి లేని పళ్లెమునుండి వచ్చు నీటిరంగు చూచిన పిల్లవాడు నేలకోత అననేమో ఎన్నటికిని మఱవడు. మూడవది: ఒక తెల్లని పళ్లెమునకు త్రాడు కట్టి చెఱువులో దింపి, అది కంటికి కనబడకుండు లోతును నెలనెల వ్రాసియుంచవలెను. లోతు తగ్గుచున్న నెలలో నీటిలోనికి ఏదో వచ్చి చేరుచున్నదని అర్థము. మొదటి గుఱ్ఱపుడెక్కను కనిపెట్టి తెచ్చిన పిల్లవానికి సంఘము ఒక పలక గాని, పుస్తకము గాని బహుమానమిచ్చుట తగును. వీసము కాకముందే వార్త తెలియుటకు ఇంతకంటె చవుకయైన ఉపాయము లేదు.

సంఘము చేయవలసినది

పూర్వము ఊరివారందఱును కలిసి చెఱువు పూడిక తీయుట, కట్టకు మన్ను వేయుట కుడిమరామత్తు అను పేర జరుగుచుండెను. నీటిని పంచుటకు, కట్టను కాచుటకు నీరుగంటి యుండెను. ఆ యేర్పాటులు క్రమముగా సడలినవి. ఆంధ్రప్రదేశములో 1997నాటి చట్టము క్రింద నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. కాని వాని అధికారము ఆయకట్టువఱకే. ఎగువ మెట్టరైతు వానిలో సభ్యుడు కాడు. ఈ వెలితిని పూరింపగలిగినది సహకారసంఘమే. ఏలయన మన సంఘములో మాగాణిరైతు, మెట్టరైతు ఇరువురును సభ్యులు.

ఒక గొలుసుకట్టులో మూడు చెఱువులున్నవనుకొందము. క్రిందివారు తమ చెఱువును ఎన్నిమారులు తీసినను, పై చెఱువు అలుగు పాఱినపుడెల్ల మొక్కలు దిగివచ్చును. పైవారికి దానిని తీయవలెనను తొందర లేదు. వారి చివరి పొలములు కొన్నియే. కావున క్రిందివారు తమ మనుష్యులను మొట్టమొదట పై చెఱువునకు పంపవలెను. "వారి చెఱువును మేమేల తీయవలెను?" అను ప్రశ్న తప్పక వచ్చును. పై చెఱువులో తీసిన ప్రతి బండియు తమ చెఱువునకు రాని బండియే యని వారికి చెప్పవలెను. మఱుసటి వేసవిలో పైవారు క్రిందికి వచ్చి పని చేయుదురు. బదులు పని మన పల్లెలకు క్రొత్త కాదు. నాట్లలో, కోతలలో చేయుచున్నదే.

రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి గ్రామసంఘమును ఈ మూడు సంగతులు తీర్మానింపవలెనని కోరుచున్నాము: చైత్రమాసమున చెఱువు తీయుటకు ఇంటికొక మనుష్యుని వంతు, తొలకరినుండి మూడు నెలలు వారపు కావలి, అందు మత్స్యకారుల సంఘమునకును భాగము, ఎగువ మెట్టరైతులలో వాగు ఒడ్డున గడ్డి పెంచువారికి గడ్డివిత్తనము, వట్టివేరు పిలకలు సంఘము తరఫున ఉచితము. ఈ ఖర్చు, ఒక్క సంవత్సరము చివరి పొలములు ఎండుటవలన కలుగు నష్టముతో పోల్చిన చాల స్వల్పము.

చివరి పొలమువాడు మన సభ్యుడే. అతని పంట ఎండినచో అతడు సంఘమునకు తీర్పవలసిన అప్పును నిలిచిపోవును. ఎగువనున్నవాడును మన సభ్యుడే. వీరిరువురి నడుమ పాఱునది ఒకే నీరు. దానిని శుభ్రముగా పంపుట ఎగువవాని ధర్మము; అట్లు పంపుటకు సాయపడుట దిగువవాని ధర్మము. ఈ వేసవిలో కట్టమీదికి పోయి చూడుడు. మీ చెఱువులో కలుపు వీసమే ఉన్నచో, పని ఆరంభించుటకు అదియే సమయము.